మావయ్యగారికి మంచు చూపించడం

మా మావయ్యగారు అత్తయ్యగారితో కలిసి జనవరి మొదటి వారంలో ఇంగ్లండుకి, మేముండే న్యూకాసిల్ వచ్చారు. మనవరాలిని చూడటానికి అని వీసా కాగితాల్లో రాశాం. అది అబద్ధం కాదు గానీ అసలు సంగతి మంచు. తెనాలిలో ఆయనతో పాటు పొద్దున్నే నడకకు వచ్చే స్నేహితుల్లో ఒకాయన కూతురు కెనడాలో ఉంటుంది. ఆయన అక్కడికి వెళ్ళినప్పుడు మోకాలి లోతు మంచులో నిలబడి ఒక ఫోటో దిగాడు. దాన్ని ఫోన్లో పెట్టుకుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపిస్తాడట. మా మావయ్యగారు ఆ ఫోటోను మూడేళ్ళ పాటు రోజూ చూశారు.

న్యూకాసిల్ ఆయనకు మూడు నెలలు వాన చూపించింది. నిలువుగా పడే వాన, అడ్డంగా పడే వాన, పడుతోందో లేదో తెలియని వాన. ఫిబ్రవరిలో ఒక పొద్దున వీధిలో కార్ల మీద తెల్లటి పొర కనిపిస్తే ఆయన పైజమాతో, హవాయి చెప్పులతో బయటకు పరిగెత్తారు. అది మంచు కురవడం కాదనీ, రాత్రి తేమ గడ్డకట్టిందనీ మా ఆయన కిటికీలోంచి చెప్పాడు. మావయ్యగారు వేలితో గీకి చూసి లోపలికి వచ్చేశారు. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. సరుకు తక్కువ ఇచ్చి సరిపెట్టుకోమంటే ఒప్పుకోరు.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. ఆయన నాతో నేరుగా మాట్లాడరు. గొడవేమీ లేదు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఒక్కసారి కూడా ఆయన నన్ను నొప్పించలేదు. వాళ్ళింట్లో మావగారు కోడలి ముఖం చూసి మాట్లాడరు, అంతే. అది మర్యాద. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, నాకు చెప్పాల్సింది మూడో మనిషికి చెబుతారు. మూడో మనిషి లేకపోతే గోడకు చెబుతారు.

మా ఇంట్లో ఆ మూడో మనిషి మా అమ్మాయి. దానికి ఎనిమిదేళ్ళు. ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఈ ఊరి యాసలో ఇస్తుంది.

"అమ్మా బంగారం, మీ అమ్మని అడుగు, కాఫీ ఏమన్నా పెడుతోందేమో" అంటారు మావయ్యగారు, నాకు రెండడుగుల దూరంలో కూర్చుని.

"మామ్, హీ వాంట్స్ కాఫీ" అంటుంది అది, ట్యాబ్లెట్‌లోంచి తల ఎత్తకుండా.

నేనూ తక్కువేం కాదు. ఆఫీసులో నేను టెస్టింగ్ టీమ్ లీడ్‌ని. నా గొంతు పక్క బ్లాకులోకి వినిపిస్తుందని నా మీద ఒక మర్యాదైన ఫిర్యాదు కూడా వెళ్ళింది. మావయ్యగారి ముందు మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోతుందో నాకే తెలియదు. ప్రతి మాట చివరా ఒక 'ఏమో', ఒక 'కాబోలు', ఒక 'అండి' తగిలించి, మాట మొత్తాన్ని దూదిలో చుట్టి అందిస్తాను. ఇల్లు తగలబడుతున్నా "కొంచెం పొగ వస్తున్నట్టుందేమోనండీ" అనే రకం.

మార్చి ఆఖరుకి, ఈ దేశపు వేసవి లెక్క ప్రకారం, గడియారాలు గంట ముందుకు జరిపారు. మావయ్యగారి తిరుగు ప్రయాణం పది రోజుల్లోకి వచ్చింది. ఆయన సూట్‌కేసు సర్దుకుంటూ, కొనిపెట్టిన ఉన్ని టోపీని చీటీ కూడా తీయకుండా మా ఆయన చేతికి ఇచ్చారు. "నాకు దీంతో పన్లేదురా, నువ్వే ఉంచుకో" అన్నారు. అది చూసి మా ఆయన కరిగిపోయాడు. కరిగిపోయినప్పుడల్లా పని నాకు పడుతుంది.

"లేక్ డిస్ట్రిక్ట్‌లో కొండల మీద ఇంకా మంచుంటుందిగా? నువ్వు తీసుకెళ్ళొచ్చుగా?" అన్నాడు.

నేను ఎనిమిదేళ్ళుగా ఆఫీసు వాకింగ్ గ్రూపుతో కొండలెక్కుతున్నాను. మా ఆయనకు కొండలంటే పడవు. ఫోటోలో బాగుంటాయి కదా, ఫోటోలోనే ఉండనీ అంటాడు. నాలుగు శీతాకాలాల కిందట నేను స్కాట్లాండులో రెండు రోజుల కోర్సు కూడా చేశాను. బూట్ల కింద ఇనుప పళ్ళ క్రాంపాన్లు బిగించుకుని నడవడం, చేతిలో ఐస్ యాక్స్ పట్టుకోవడం, జారిపడితే ఆ గొడ్డలి ముక్కును మంచులోకి గుచ్చి ఆగడం నేర్పారు. రెండు రోజుల్లో నేను కావాలని ముప్పైసార్లు జారిపడ్డాను. అంచేత ఏప్రిల్ మంచు ఎంత దొంగదో నాకు తెలుసు. జనవరి మంచు మెత్తగా ఉంటుంది, కాలు దిగుతుంది. ఏప్రిల్లో మిగిలేది కొండకు నీడవైపున పాత మంచు. పగలు కాస్త కరుగుతుంది, రాత్రి మళ్ళీ బిగుస్తుంది. అలా నెల రోజులు కరిగి బిగిసి నాపరాయిలా తయారవుతుంది. కింద లోయలో గొర్రెపిల్లలు, పసుపుపచ్చ పూలు, టీషర్టుల్లో జనం ఉంటారు. పైన శీతాకాలం ఇంకా ఖాళీ చేయకుండా కూర్చుని ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసునని ముందే రాసి పెడుతున్నాను. తర్వాత నాకు తెలియక జరిగిందని ఎవరూ అనుకోకూడదు.

శనివారం మా ఆయన కూడా వస్తాడన్నది ఒప్పందం. శుక్రవారం సాయంత్రం అతని టీములో ఒకతనికి జ్వరం వచ్చి, డ్యూటీల రోటా మారి, వీకెండ్ ఆన్-కాల్ డ్యూటీ మా ఆయన మీద పడింది. ఆదివారం నుంచి వారమంతా వాన, గాలి అని ఫోర్‌కాస్టు. శనివారం ఒక్కటే బాగుంది. అత్తయ్యగారు రానన్నారు. "చలి చూడ్డానికి కొండెక్కాలా, ఆ ఫ్రిజ్ తలుపు తీస్తే సరిపోదూ?" అని పెరుగన్నం డబ్బా కట్టిచ్చారు. కొండెక్కాలంటే ఎనిమిదేళ్ళ పిల్ల రాదు, వచ్చినా మోయాలి. చివరికి కారులో నేనూ మావయ్యగారూ మిగిలాం. మూడో మనిషి లేరు.

ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. న్యూకాసిల్ నుంచి పెన్రిత్ మీదుగా రెండు గంటల దారి. మధ్యలో హెక్సమ్ అనే ఊరి దాకా ఇద్దరం రోడ్డు చూశాం. ఆ తర్వాత దారి చెప్పే శాట్‌నావ్ గొంతు ఆయనకు దొరికింది. "ఇంకెంత దూరమటమ్మా?" అని దాన్ని అడిగారు. నేను జవాబు చెప్పాను. "వెనక్కి వచ్చేసరికి చీకటి పడదు కదా?" అని మళ్ళీ దాన్నే అడిగారు. పడదండీ అన్నాను. రౌండబౌట్ దగ్గర మూడో ఎగ్జిట్ తీసుకోమని అది చెప్పింది. అలా ముగ్గురం ప్రయాణం చేశాం.

కొండ పేరు చెప్పను. దాని తప్పేమీ లేదు.

కార్ పార్క్‌లో ఎండ కాస్తోంది. మా ఆయన బూట్లు ఆయనకు ఒక సైజు పెద్దవైతే రెండు జతల మేజోళ్ళు వేయించాను. వేయించాను అంటే, మేజోళ్ళ జత కారు బానెట్ మీద పెట్టి, "రెండేసుకుంటే బాగుంటుందేమో" అని ఆకాశానికి చెప్పాను. ఆయన వేసుకున్నారు. నా సంచిలో నా క్రాంపాన్లు, ఐస్ యాక్స్, ఆయన కోసం రబ్బరు పట్టీకి చిన్న చిన్న మేకులుండే స్పైకులు ఒక జత. బూటు మీదికి లాగి తొడుక్కోవడమే. మా పథకం చాలా సులువు. పై దాకా గడ్డి దారిలోనే పోవాలి, అంచుకు ఇవతల ఎక్కడైనా మంచు కనిపిస్తే ముట్టుకోవాలి, ఫోటో దిగాలి, పెరుగన్నం తినాలి, దిగిపోవాలి.

ఆయన ముందు నడిచారు. కొండ మీద తెలిసినవాళ్ళు ముందు నడవాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళు ముందు నడవాలి. మేము ఇంటి పద్ధతే పాటించాం. అరవై ఏడేళ్ళ మనిషి, రోజూ తెనాలి కాలవగట్టున ఐదు కిలోమీటర్లు నడిచే కాళ్ళు, ఎక్కడా ఆగలేదు. నాకే ఆయాసం వచ్చింది. రాతిగోడ దాటేచోట గొర్రెలు నిలబడి చూస్తుంటే, "ఈ దారేనా పైకి?" అని వాటిని అడిగారు. "అవునండీ, కుడివైపుకి" అన్నాను నేను, గొర్రెల తరఫున.

సగం దారిలో ఒక ముసలావిడ కుక్కతో దిగుతూ ఎదురైంది. ఆవిడ సంచికి ఐస్ యాక్స్ వేలాడుతోంది. మావయ్యగారు గుడ్ మార్నింగ్ చెప్పి, పైన మంచు ఎంత ఉందని ఇంగ్లీషులో అడిగారు. అక్కడక్కడా పట్టీలుగా ఉందనీ, ఇనుములా బిగిసి ఉందనీ, అంచు దగ్గరికి మాత్రం పోవద్దనీ ఆవిడ చెప్పింది. ఆయన థాంక్యూ మేడమ్ అని, వంగి కుక్క తల నిమురుతూ, "అంచు దగ్గరికి పోకూడదంట" అన్నారు. నాకు చెప్పడమన్నమాట. నేను తలూపాను. విషయం అందరికీ తెలిసినట్టే అనుకున్నాను.

పైకి వచ్చేసరికి పదకొండున్నర. కొండ నెత్తి విశాలంగా, చదునుగా, పచ్చిక ఎండి లేత గోధుమ రంగులో ఉంది. తూర్పు వైపు అంచు వెంబడి తెల్లగా పొడుగ్గా ఒక పట్టీ. ఎండలో కళ్ళు చెదిరాయి. మావయ్యగారు ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత నడిచి వెళ్ళి, వంగి, అరచేయి మంచు మీద ఆనించి అలాగే కాసేపు ఉంచారు. ఇన్నేళ్ళలో నేను ఆయనకు ఇవ్వగలిగింది కాఫీ తప్ప ఇంకోటి లేదు. ఇదిగో, ఇది ఇచ్చాను అనుకున్నాను.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఒక రాయి మీద పెట్టి పక్కకు జరిగారు. నేను తీసుకున్నాను. ఫోటో తీయమని అర్థం.

నేను సంచిలోంచి స్పైకులు తీసి అదే రాయి మీద పెట్టి, "ఇవి తొడుక్కుంటే జారకుండా ఉంటుందేమోనండీ" అన్నాను. ఆయన వాటిని చూశారు. "ఫోటోలో ఆ మేకులు పడితే బాగోదు" అని కొండకు చెప్పి, బూట్లతోనే మంచు మీదికి వెళ్ళారు.

అక్కడ ఆయనకు ఒక ఇబ్బంది ఎదురైంది. కాలు దిగట్లేదు. మంచు మీద నిలబడితే చెక్క మీద నిలబడినట్టు పైనే ఉంది. మడమతో తన్ని చూశారు, గీత కూడా పడలేదు. మోకాలి లోతు కావాలి. కెనడా ఆయన మోకాలి లోతులో ఉన్నాడు. మావయ్యగారు మెత్తటి చోటు కోసం వెతుకుతూ అటూ ఇటూ కాలితో తట్టి చూస్తూ నడిచారు. అంచు వైపు మంచు కాస్త ఉబ్బి, ఎత్తుగా కనిపిస్తోంది. ఎత్తుగా ఉన్నచోట లోతు ఎక్కువని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన అటు తిరిగారు.

నాకు తెలుసు. ఆ ఉబ్బు కింద నేల ఉండదనీ, దాని అవతల వాలు నిటారుగా ఉంటుందనీ కోర్సులో బొమ్మ గీసి మరీ చెప్పారు. అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే, ఆగమని కేకేయడం. నేను నోరు తెరిచి ఇలా అన్నాను:

"మావయ్యగారూ, అటువైపు కొంచెం జారుతుందేమోనండీ, ఇటు ఉంటే బాగుంటుందేమో..."

వాక్యం చాలా మర్యాదగా వచ్చింది. పూర్తయ్యేసరికి వినడానికి ఆయన అక్కడ లేరు.

పడటం నేను చూశాను. రెండు కాళ్ళూ ఒకేసారి ముందుకు పోయాయి, కూర్చున్నట్టుగా వెనక్కి పడి, చప్పుడు లేకుండా అంచు దాటి వెళ్ళిపోయారు. అరవలేదు కూడా. ఫోన్ నా చేతిలో ఉంది, బటన్ నొక్కినట్టున్నాను, ఖాళీ మంచు ఫోటో ఒకటి పడింది.

ఆ క్షణంలో నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అయ్యో అని కాదు. దేవుడా అని కాదు. 'నేను చెప్పానుగా' అని. మర్యాదగానే చెప్పానుగా, ఇక నన్నెవరూ ఏమీ అనలేరుగా అని. ఒక మనిషి కొండ మీంచి పోతుంటే నేను నా వైపు కాగితాలు సర్దుకుంటున్నాను. దాని తర్వాతే కాళ్ళు కదిలాయి.

పక్కన గడ్డి ఉన్నచోటికి పరిగెత్తి, బోర్లా పడుకుని కిందికి చూశాను. మూడు బస్సుల పొడవు కింద ఒక నల్లరాయి మంచులోంచి పైకి పొడుచుకు వచ్చి ఉంది. దాని చుట్టూ మంచు కరిగి చిన్న గుంటలా అయింది. ఆయన ఆ గుంటలో, రాయిని రెండు చేతులా కావలించుకుని ఉన్నారు. రాయి లేకపోతే వాలు అలాగే కిందికి, ఇంకా బూడిదరంగులో గడ్డకట్టి ఉన్న చిన్న చెరువు దాకా పోతుంది.

"దెబ్బ తగిలిందా అండీ?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కాళ్ళు కదపమన్నాను. రెండూ కదిపారు.

సరిగ్గా అప్పుడు చేతిలో ఫోన్ మోగింది. ఒకే ఒక్క సిగ్నల్ గీత, దాన్ని పట్టుకుని మా ఆయన.

"ఏమైంది, నాన్నకి మంచు కనబడిందా?"

"కనబడింది" అన్నాను.

"ఎలా ఉందంటున్నారు?"

"ఇంకా చూస్తున్నారు. తర్వాత చేస్తా" అని పెట్టేశాను.

అతనికి చెప్పి లాభం లేదు. చెప్పాల్సింది కొండల్లో చిక్కుకున్నవాళ్ళను కాపాడే మౌంటెన్ రెస్క్యూ వాళ్ళకు. ఇక్కడ అత్యవసర నంబరు మూడు తొమ్మిదులు, రెండు నొక్కాను. "ఎవరినీ పిలవద్దు" అని కింద నుంచి గొంతు వినిపించింది. "అబ్బాయికి తెలియకూడదు." పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన నా ముఖం చూసి మాట్లాడారు. నేను దాని గురించి సంతోషించే స్థితిలో లేను.

వాళ్ళు రావడానికి ఎంత లేదన్నా గంటన్నర పడుతుంది. అంతసేపు ఆయన ఆ రాయిని పట్టుకుని ఉండగలరా? చేతికి గ్లవ్ లేదు. ముందు దిగి చూద్దాం, ఏమాత్రం తేడాగా ఉన్నా పిలుద్దాం అనుకున్నాను. అది సరైన నిర్ణయమో కాదో ఇప్పటికీ తెలియదు. రాయి మీది స్పైకులు జేబులో వేసుకుని, కూర్చుని క్రాంపాన్లు బిగించుకున్నాను. తొందరపడే వాడు రెండో శవం అవుతాడని కోర్సులో మా టీచరు నవ్వుతూ చెప్పాడు. బకిల్ మూడుసార్లు తప్పింది. నాలుగోసారి పడింది.

వాలుకు ముఖం పెట్టి, బూటు ముక్కుతో తన్ని, గొడ్డలి గుచ్చి, ఒక్కో అడుగూ దిగాను. ఆయన పక్కకు చేరేసరికి ఆయన పెదవులు పాలిపోయి ఉన్నాయి, అరచేయి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. నా గ్లవ్స్ తీసి ఆయన చేతులకు తొడిగాను. స్పైకులు తీసి, కాళ్ళు పట్టుకుని బూట్ల మీదికి లాగాను. పండక్కి దణ్ణం పెట్టుకోవడానికి తప్ప నేను ఆ పాదాల మీద చేయి వేసింది లేదు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. సిగ్గో భయమో నాకు తెలియదు.

"నేనిప్పుడు చెప్పేది వినాలి" అన్నాను. గొంతు పెంచలేదు. కంగారు గొంతులో వినబడకూడదన్నది కోర్సులో నేర్పిన మొదటి పాఠం. "కిందికి చూడొద్దు. నేను మెట్టు తవ్వుతాను. నేను అడుగు అన్నప్పుడు అడుగేయాలి, ఆగు అన్నప్పుడు ఆగాలి."

"ఊ" అన్నారు.

గడ్డి, రాళ్ళు ఉన్న గట్టు ఎడమ పక్కన పదిహేను అడుగుల దూరంలో ఉంది. ఇంట్లో అయితే సోఫా నుంచి వంటగది దాకా. గొడ్డలితో మంచు కొట్టి, పాదం పట్టేంత అర చేయడం, ఆయనకంటే ఒక మెట్టు కింద నేను నిలబడటం, ఆయన చేయి నా భుజం మీద వేయించుకోవడం, అడుగు. మళ్ళీ కొట్టడం. ఆయన చేయి నా భుజం మీద మొదట పక్షి వాలినట్టు ఆనీ ఆననట్టు ఉంది. "గట్టిగా పట్టుకోండి" అన్నాను. పట్టుకున్నారు. ఆ వేళ్ళ గుర్తులు మూడు రోజులు ఉన్నాయి.

ఏడో మెట్టు దగ్గర ఆయన కాలు జారింది. ఒక అంగుళమే. స్పైకులు పట్టుకున్నాయి. ఇద్దరం కదలకుండా నిలబడిపోయాం. ఆయన ఊపిరి నా చెవి పక్కనే వినిపిస్తోంది. "అమ్మాయీ, నాకు భయంగా ఉంది" అన్నారు. "నాకూ భయంగానే ఉంది మావయ్యగారూ. అడుగెయ్యండి" అన్నాను. వేశారు.

ఆ పదిహేను అడుగులకు నలభై నిమిషాలు పట్టింది. గట్టు మీద రాళ్ళు పట్టుకుని పైకి పాకి, చదును మీద గడ్డిలో ఇద్దరం వెల్లకిలా పడ్డాం. ఆకాశం చాలా మామూలుగా ఉంది. దూరంగా ఎవరో జంట శాండ్‌విచ్‌లు తింటూ కూర్చుని మా వైపు చేయి ఊపారు. నేనూ ఊపాను.

దిగేటప్పుడు నేను ముందు నడిచాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. నాలుగు గంటలకు కార్ పార్క్‌కు చేరాం. ఆయన ఈసారి ముందు సీటు తలుపు తీసి కూర్చున్నారు. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను, రెండు చేతులతో పట్టుకున్నారు. పెరుగన్నం ఇద్దరమూ ముట్టలేదు.

"అబ్బాయికి చెప్పకు" అన్నారు.

"చెప్తాను మావయ్యగారూ. ఫోన్లో అబద్ధం చెప్పాను, ఇంటికెళ్ళగానే మొత్తం చెప్తాను. మీరు అటు వెళ్తున్నప్పుడు నేను అరిచి ఆపాల్సింది. ఆపలేదు. అది కూడా చెప్తాను."

ఆయన టీ కప్పు డాష్‌బోర్డు మీద పెట్టారు. తర్వాత నన్ను ఓదార్చాలనే అన్నారు, అందులో నాకు అనుమానం లేదు.

"నువ్వు అరిచినా నేను ఆగేవాణ్ణి కాదులేమ్మా. కోడలు అరిస్తే ఆగడమేంటని ఇంకో రెండడుగులు వేసేవాణ్ణి."

నా మనసు తేలిక పడాల్సింది. ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళు నేను దూదిలో చుట్టి చుట్టి అందించిన మాటలన్నీ గుర్తొచ్చాయి. చుట్టినా చుట్టకపోయినా ఆయన చావు ఆయన చేతిలోనే ఉందన్నమాట. మరి నేనెందుకు ఇన్నేళ్ళు గొంతు నొక్కుకున్నట్టు?

"ఇప్పుడైతే ఆగుతారా?" అని అడిగాను.

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, మాట వరసకు కాదు.

"ఏమో. చెప్పలేను" అన్నారు.

నేను కారు స్టార్ట్ చేశాను. ఇరుకు దారి, రెండు పక్కలా రాతిగోడలు, ఎదురుగా పొద్దువాలే ఎండ. మలుపు తిరిగాక ఏడుపు వచ్చేసింది. అప్పటిదాకా రాలేదు, అక్కడ వచ్చింది. తుడుచుకోవడానికి కూడా చేతులు స్టీరింగు వదల్లేదు. కళ్ళలో నీళ్ళ వల్ల రోడ్డు రెండుగా కనిపిస్తున్నా పోనిస్తూనే ఉన్నాను. ఇంటికి వెళ్ళిపోవాలి, అంతే.

"ఆపు!" అని అరిచారు మావయ్యగారు.

ముప్పై ఏళ్ళు బజార్లలో కొట్లు మూయించిన గొంతు. కారు అదిరింది. నేను బ్రేకు తొక్కేశాను. బానెట్‌కు రెండు గజాల ముందు ఒక గొర్రె, దాని వెనక రెండు పిల్లలు రోడ్డు దాటుతున్నాయి. తల్లి ఆగి మా ఇద్దరినీ చూసి, మళ్ళీ నడిచింది. చిన్న పిల్ల ఒకటి వెనకబడి, గోడ దగ్గర గడ్డి దాకా పోయి, అక్కడ పాల కోసం తల్లి పొట్ట కిందకు దూరింది. ఇంజను ఆగిపోయింది. ఆయన ఒక చేయి డాష్‌బోర్డు మీద, ఒక చేయి నాకు అడ్డంగా పెట్టి ఉన్నారు.

నేను మొహం తుడుచుకుని ఆయన వైపు తిరిగాను.

"చూశారుగా మావయ్యగారూ, అరిస్తే ఆగొచ్చు" అన్నాను.